ఆ పిన్నుకి మూడు వోల్టులు చాలు

వన్ టౌన్‌లో మా కొట్టు ఖాళీ చేస్తున్నామని తెలిసిన దగ్గర్నుంచి పలకరింపులకి లోటు లేదు. "అయ్యో, అంత పేరున్న కొట్టండీ" అని వచ్చినవాళ్లందరూ బాధపడిపోతున్నారు. ఆ పేరు ఎలా వచ్చిందో నాకు తెలుసు కాబట్టి నాకంత బాధ లేదు. పక్కనున్న మిరపకాయల గోడౌనువాళ్లు మా భాగం కూడా తీసుకుంటున్నారు. స్టెబిలైజర్లు కొనే కాలం పోయింది, నా పని ఎప్పుడో ఆటోనగర్‌లో షెడ్డుకి మారిపోయింది, ఇక ఆ కొట్లో మిగిలినవి రాగితీగ తుక్కూ, ఎలకలూ, నాన్న కుర్చీ. మొన్న అటక మీది సామాను దింపిస్తుంటే తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి చేతికొచ్చింది. మూత ఎంతకీ రాకపోతే స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తాను. లోపల అరచేయంత ఆకుపచ్చ బోర్డు, దాని మధ్యలో నల్లటి చిప్పు, ఆ చిప్పుకి ఒక అంచున ఆవగింజంత బొబ్బ. బోర్డు పక్కనే వడ్లగింజంత రెసిస్టర్లు రెండు. వంకర్లు పోయిన వాటి కాళ్లని ఎవరో శుభ్రంగా సాపు చేసి, కాయిల్స్ కట్టే తెల్ల నూలుదారంతో జంటగా కట్టి పెట్టారు.

ఎవరో ఏమిటి, ఆ కట్టు నాన్నదే. ఇంటికి తెచ్చి చూపించి, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగాను. పారేస్తే బాగోదనిపించిందమ్మా అన్నాడు. ఎనభై దాటిన మనిషి దగ్గర అంతకు మించి రాబట్టలేకపోయాను. ఆ బొబ్బని చూస్తుంటే బంటుమిల్లి అవతల ఒక రొయ్యల చెరువూ, నానమ్మ చేతిలో గరిటే, మీటరు అద్దం మీద తాతయ్య వేలూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందొచ్చింది. నాకెప్పుడూ అదే ముందొస్తుంది.

తాతయ్యది దివిసీమలో ఒక శివారు ఊరు. శివారంటే కాలవకి చిట్టచివరన్న మాట. కృష్ణ నీళ్లు బ్యారేజీ దగ్గర బయల్దేరి, దార్లో ప్రతి ఊరివాడూ తన చేలు తడుపుకున్నాక, ఏమైనా మిగిలితే వీళ్లకి రావాలి. మిగిలేవి కావు. తర్వాత కరెంటొచ్చింది, దానిదీ అదే వరస. తీగ చివరికి చేరేసరికి బల్బులో ఎర్రటి వెంట్రుక ఒకటి కనబడేదట, అది చూసి కరెంటొచ్చిందని పిల్లలు గంతులేసేవాళ్లట. ఆ ఊళ్లో పెరిగినందువల్ల తాతయ్యకి ఒక సిద్ధాంతం ఏర్పడింది. పైనుంచి ఎంత పంపినా దార్లో తినేసేవాళ్లు ఉంటారు, అందుకని అడిగేటప్పుడు ఎక్కువ అడగాలి, పంపేటప్పుడు ఎక్కువ పంపాలి, సరిపడా అన్న మాటని నమ్మినవాడు ఎండిపోతాడు. ఈ ఒక్క ముక్కతో విజయవాడ వచ్చి, వన్ టౌన్‌లో స్టెబిలైజర్ల కొట్టు పెట్టి, భవానీపురంలో ఇల్లు కట్టాడు. సిద్ధాంతం తప్పని ఆయనకి ఎవరు చెప్పగలరు?

మా ఇంట్లో ఫ్రిజ్జుకొక స్టెబిలైజరు, టీవీకొకటి, మోటారుకొకటి. వీటన్నిటికీ పెద్దదిక్కులాగా హాల్లో ఒకటి ఉండేది, దాని ముఖాన అద్దం, అద్దంలో ముల్లు. తాతయ్య స్నానం చేసి, విభూతి పెట్టుకుని, కాఫీ తాగకముందే వచ్చి ఆ అద్దం మీద వేలితో టకటకమని కొట్టేవాడు. "నూట డెబ్బై" అని ప్రకటించేవాడు. అంతే, ఇల్లంతా ఆ రోజుకి సర్దుకునేది. అమ్మ మిక్సీ పక్కన పెట్టి రోట్లో పచ్చడి నూరేది, బాబాయి ఇస్త్రీ చొక్కా ఆశ వదులుకునేవాడు, మేం ఫ్యాను కింద కాకుండా కిటికీ పక్కన చేరేవాళ్లం. రెండు వందల ముప్ఫై ఉండాల్సిన వోల్టేజీ విజయవాడ ఎండల్లో నూట డెబ్బై అంటే ఏమిటో అనుభవించినవాళ్లకే తెలుసు. ఫ్యాను రెక్కల్ని లెక్కపెట్టొచ్చు. స్టెబిలైజర్ల గుయ్యిమనే మోతా, వేడెక్కిన వార్నిష్ వాసనా లేకపోతే నాకు ఇప్పటికీ సరిగ్గా నిద్ర పట్టదు.

నానమ్మ వడ్డనలోనూ ఇదే శివారు సిద్ధాంతం. మా ఇంట్లో చాలు అన్న మాటకి అర్థం, ఇంకో రెండు గరిటెలు పడబోతున్నాయని. చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పప్పు పోసేది, పైన నెయ్యి కూడా వేళ్ల మీదే వేసేది. విస్తరి మీదికి వంగి కాపలా కాసుకుంటే వీపు మీదుగా వచ్చి పెరుగన్నం పెట్టేది. నిజంగా చాలనుకున్నవాడు లేచిపోవాలి, లేచిపోతే మర్నాడు వాళ్లింటికి కబురు, వంటలో లోపం జరిగిందా, మనసులో ఏమైనా పెట్టుకున్నారా అని. మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన మా ఇంటికి భోజనానికి రావాలంటే ముందురోజు రాత్రి నుంచీ పస్తుండేవాడు. పాపం ఆయన పద్ధతే సరైందని నాకు తర్వాత అర్థమైంది.

కొట్లో నాన్న చేసేదీ అదే. ట్రాన్స్‌ఫార్మరుకి తీగ చుట్టడంలో నాన్నంత పనిమంతుడు వన్ టౌన్‌లో లేడు, అది కూతురి మాట కాదు, పోటీ కొట్లవాళ్ల మాట. తోపుడు బళ్ల రద్దీలో, పక్క గోడౌను మిరప ఘాటుకి తుమ్ముకుంటూ, బల్ల మీద చిన్న చక్రం తిప్పుతూ చుట్లు వేసేవాడు. కావలసిన చుట్లు పూర్తయ్యాక, కూరలమ్మే మనిషి చివర్లో రెండు పచ్చిమిరపకాయలు కొసరేసినట్టు, ఇంకొన్ని చుట్లు కొసరు వేసి, అప్పుడు తెల్ల దారంతో కట్టేవాడు. అందుకే మా స్టెబిలైజరు పడిపోయిన వోల్టేజీని మిగతావాటికన్నా ఎక్కువ పైకి లాగేది. "మీ డబ్బా బాగా ఎత్తుతుందండీ" అని కొల్లేటి వైపు నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. రాత్రి పొద్దుపోయాక ఊరంతా పడుకుని అసలు వోల్టేజీ పెరిగినప్పుడు, ఆ కొసరు వల్ల ఎన్ని బల్బులు మాడిపోయాయో ఎవరూ అడగలేదు. బల్బు మాడితే బల్బుని తిట్టడం మనవాళ్ల అలవాటు.

ఇలాంటి ఇంట్లో పుట్టి నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. మైక్రోకంట్రోలరు అనే చిప్పుతో ప్రేమలో పడ్డాను. దాని గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. అది వేలిగోరంత కంప్యూటరు. చుట్టూ కాళ్లుంటాయి, వాటినే పిన్నులంటారు. పని మొదలుపెట్టకముందే ఒక్కో పిన్నుకీ చెప్పుకోవాలి, నువ్వు వినే పిన్నువా, చెప్పే పిన్నువా అని. వినేదాన్ని ఇన్‌పుట్ అంటారు, చెప్పేదాన్ని ఔట్‌పుట్. మా ఇంట్లో ఈ ఏర్పాటు పుట్టుకతోనే జరిగిపోయేది. తాతయ్య జీవితమంతా ఔట్‌పుట్టే. అమ్మా నేనూ ఇన్‌పుట్. వినే పిన్నుని దేనికీ కట్టకుండా గాలికి వదిలేస్తే అది చుట్టుపక్కల ఏ గోల ఉంటే దాన్నే నిజమనుకుని ఒకసారి అవునంటుంది, ఒకసారి కాదంటుంది. మా ఇంట్లో ఆ పిన్ను బాబాయి. తాతయ్య పక్కన కూర్చుంటే తాతయ్య మాట, వంటింట్లో నిలబడితే నానమ్మ మాట. పాఠం చెప్పేటప్పుడు మా లెక్చరర్ ఎంత కష్టపడ్డారో గానీ నాకు మాత్రం ఒక్కసారికే ఎక్కింది.

ఇక ముఖ్యమైన సంగతి. వినే పిన్నుకి ఒక హద్దుంటుంది. నా చిప్పుకి ఆ హద్దు మూడు వోల్టులూ, ఆ పైన చిటికెడు. మూడు వోల్టులొస్తే అవునని వింటుంది, ఏమీ రాకపోతే కాదని వింటుంది. పన్నెండు వోల్టులిస్తే నాలుగు రెట్లు గట్టిగా వింటుందని కాదు, చెవి పోతుంది. మరి పన్నెండు వోల్టుల వస్తువుని దానికి కట్టాలంటే మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టి, ఆ పన్నెండుని మూడుకి దించి ఇవ్వాలి. ఇంతే శాస్త్రం. ఇందులో బిడ్డకి ముద్ద కలిపి పెట్టడం కన్నా కష్టమేమీ లేదు.

చదువైపోగానే తాతయ్య నన్ను బ్యాంకు పరీక్షల కోచింగులో చేర్చాలని నిశ్చయించాడు. గవర్నరుపేటలో సందుకో కోచింగు సెంటరుంది, ఆడపిల్ల ఏసీ గదిలో కూర్చుని సంతకాలు పెడితే ఎంత గౌరవం. నాకు కావలసింది వేరే. వన్ టౌన్ కొట్లో నాన్న పనిబల్లలో సగం నాకు కావాలి. అక్కడ కూర్చుని చిప్పులతో పెట్టెలు తయారుచెయ్యాలి. ఈ మాట అన్నప్పుడు ఇంట్లో అందరూ ఒకేసారి అందుకున్నారు. హమాలీలూ బేరగాళ్లూ తిరిగే వన్ టౌన్ కొట్లో ఆడపిల్ల కూర్చోవడమా? నాన్న మాత్రం ఏమీ అనలేదు. ఇన్‌పుట్టో ఔట్‌పుట్టో ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను.

సరిగ్గా అప్పుడే మా మావయ్య, అమ్మ తమ్ముడు, మా ఇంటికొచ్చాడు. బంటుమిల్లి అవతల వరిచేలు తవ్వించి రొయ్యల చెరువు వేశాడు. చెరువులో చక్రాలు తిరుగుతూ నీళ్లని చిలకాలి, లేకపోతే తెల్లవారుజామున నీళ్లలో ఊపిరి తగ్గి రొయ్యలు చచ్చిపోతాయి. కరెంటు పోతే చక్రాలాగిపోతాయి, జనరేటరు వెయ్యాలి, కానీ కరెంటు పోయిందని కాపలావాడికి మెలకువ రావాలి కదా. అదీ మావయ్య బాధ. నేను ఒక పెట్టె చేస్తానన్నాను. చక్రాల దగ్గర కరెంటున్నంతసేపూ ఒక అడాప్టరు పన్నెండు వోల్టులిస్తుంది, అది తీగ మీద షెడ్డులోని నా పెట్టెకొస్తుంది, పెట్టెలో చిప్పు వింటూ ఉంటుంది. ఉంది, ఉంది, ఉంది. లేదు అనగానే బ్యాటరీ మీద సైరను మోగుతుంది. తాతయ్య మీసం దువ్వుకుని తీర్పు చెప్పాడు. ఆ పెట్టె మావయ్య చెరువుని కాపాడితే బల్లలో సగం నాకు. లేకపోతే నోరు మూసుకుని కోచింగుకి.

పెట్టె తయారైంది. ఇంట్లో ఎన్నిసార్లు ప్లగ్గు పీకినా సైరను మోగింది. నానమ్మ చెవులు మూసుకుని, ఈ శని నా నెత్తినే మోగాలా అంది. మంచిరోజు చూసి అందరం వ్యానెక్కి మావయ్య చెరువుకి బయల్దేరాం. ముందురోజే నాన్న వెళ్లి గట్టు పొడుగునా తీగ లాగించి, పెట్టె బిగించి ఉంచాడు. కూతురి పెట్టె కదా, వేరేవాళ్ల చేత బిగించనివ్వలేదు. మేం వెళ్లేసరికి అత్తయ్య పెట్టెకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మీద మందారం కూడా పెట్టింది. తాతయ్య కొబ్బరికాయ కొట్టాడు. మావయ్య చక్రాలు వేశాడు. తెల్లటి నురగతో చెరువంతా కదిలింది, కరెంటు ఉంది అన్నట్టు నా పెట్టె మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు చక్రాలు ఒక్కసారి ఆపండి, సైరను మోగుతుందో లేదో చూద్దాం అన్నాను.

నేనేదో అపచారం చేసినట్టు అందరూ నా వంక చూశారు. "శుభమా అని కొబ్బరికాయ కొట్టి వేసిన చక్రాన్ని అప్పుడే ఆపమంటావేమే?" అన్నాడు తాతయ్య. అత్తయ్య చెంపలేసుకుంది. బాబాయి తాతయ్య పక్కనే ఉన్నాడు కాబట్టి అవును అవును అన్నాడు. మావయ్య మంచివాడు, అదే వచ్చిన చిక్కు. మేనకోడలు చేసిన పెట్టెని పరీక్ష పెట్టడం నాకే బాగోదమ్మా, లైటు వెలిగింది చూడు ఎంత బాగా వెలిగిందో అన్నాడు. నేను ఇంకా వాదిస్తూనే ఉన్నాను, భోజనాలకి లేవండని పిలుపొచ్చింది. నాన్న మాత్రం ఆ లైటు వంక మురిసిపోతూ చూస్తున్నాడు. అంత తృప్తి నాన్న మొహాన నేనెప్పుడూ చూడలేదు. ఎందుకో అప్పుడు నాకు తెలీదు.

కొన్నాళ్లకి ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది. సైరను మోగలేదు. కాపలావాడికి మెలకువ వచ్చేసరికి రొయ్యలు గట్ల వెంబడి తేలి, కొంగలు అప్పటికే బంతికి కూర్చున్నాయి. సగం చెరువు పోయింది. మావయ్య నాతో ఫోన్లో ఒక్క మాట కూడా తప్పుగా అనలేదు. "ఏం చేస్తాంలేమ్మా, మన ప్రాప్తం" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను పొద్దుటి బస్సు పట్టుకుని వెళ్లి చూశాను. ఎండెక్కాక జనరేటరు ఆపేశారు, చక్రాలు ఆగే ఉన్నాయి, కరెంటు ఇంకా రాలేదు, నా పెట్టె మీద ఆకుపచ్చ లైటు మాత్రం కుంకుమ బొట్టు పక్కన ధగధగా వెలుగుతోంది. ఉంది, ఉంది, ఉంది. పెట్టె విప్పాను. అడాప్టరు తీగకీ చిప్పుకీ మధ్య ఉండాల్సిన రెండు రెసిస్టర్లు లేవు. తీగని నేరుగా పిన్నుకి కలిపేసి ఉంది. అతుకు మీద తెల్ల నూలుదారం, ఎంతో శ్రద్ధగా, పక్కపక్కనే వరసలుగా చుట్టి ఉంది.

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాన్న ముఖం గుర్తొచ్చి ఏడుపు ఎక్కువైంది.

మర్నాడు భోజనాల దగ్గర చెప్పేశాను. పెట్టె చెడలేదు, అందులోంచి రెసిస్టర్లు ఎవరో పీకేశారన్నాను. ఎవరో అనే అన్నాను, నాన్న పేరు ఎత్తలేదు. నాన్న నోట్లో ముద్ద పెట్టుకుని, నమిలి, మింగి, ఏమాత్రం తొణక్కుండా, "నేనే తీశాను" అన్నాడు. తీసినందుకు మెచ్చుకుంటారన్నట్టు అందరి వంకా చూశాడు కూడా.

"అటు చివర మీటరు పెడితే పన్నెండు చూపిస్తోంది, నీ చిప్పు దగ్గర పెడితే మూడే. తొమ్మిది వోల్టులు ఆ రెండూ దార్లో తినేస్తున్నాయమ్మా. శివారు పొలంలాగా నీ పెట్టెకి అందకుండా పోతుందేమో అని నా ప్రాణం ఉసూరుమంది. తీసేసి, మొత్తం పన్నెండూ నేరుగా ఇచ్చాను."

ఎక్కువిస్తే పోతుంది నాన్నా అన్నాను. అందరూ నవ్వారు. నానమ్మకయితే పొలమారింది. తక్కువై చెడ్డవి చూశాం గానీ, ఎక్కువై చెడిపోయేదాన్ని ఈ పుట్టుకలో చూడలేదన్నాడు తాతయ్య, చూడలేదని బాబాయి కూడా అన్నాడు. నానమ్మ నా కంచంలో, నేను వద్దు వద్దంటుండగానే, మూడో గరిటె పప్పు వేసింది. నేను కంచం ముందునుంచి లేచిపోయాను. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఋజువు చేస్తాను, కొట్టుకి రండి అన్నాను. తాతయ్యకి ఋజువులంటే సరదా, వచ్చాడు. నాన్న పనిబల్ల మీద నా దగ్గరున్న ఇంకో బోర్డు పెట్టి, పిన్నుకి వోల్టేజీ పెంచే మీట కట్టి, తాతయ్య చేతికే ఇచ్చాను. మూడు దగ్గర లైటు వెలిగింది. "చూశావా, ఇక్కడ చాలు" అన్నాను. చాలు అన్న మాట వినగానే ఆ చెయ్యి దానంతట అదే తిరిగింది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తిప్పుకుంటూ పోయాడు. పేలాలు వేగినట్టు టప్పున చిన్న చప్పుడు, సన్నటి పొగ, మిరప ఘాటులో కలిసిపోయింది. మీట వెనక్కి తిప్పాను. వోల్టులు సున్నా అయ్యాయి, లైటు మాత్రం అలాగే వెలుగుతోంది. ఇదీ జరిగింది తాతయ్యా, ఇప్పుడిది ఏమడిగినా ఉంది ఉంది అంటుంది, దీనికి ఇంకేమీ వినబడదు అన్నాను.

తాతయ్య కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "ఇంకోటుందా?" అన్నాడు. అనుమానం కాదు, ముచ్చట. నా దగ్గరున్న చిప్పులన్నీ ఆ పూట తాతయ్య చేతిలో టప్పుమన్నాయి. అన్నీ కాల్చాక గంభీరంగా తీర్పు చెప్పాడు. కొంచెం ఎక్కువైతేనే తట్టుకోలేని సరుకుతో మన ఇంటికి వ్యాపారం పొసగదు, సోమవారం నుంచి కోచింగుకి వెళ్లు అన్నాడు. నేను గెలిచాననుకున్న క్షణంలో అలా ఓడిపోయాను. బల్ల పక్కనే ఉన్న నాన్న మాత్రం ముచ్చటపడలేదు. కాలిపోయిన చిప్పుని వేలితో తడుముతూ, మావయ్య చెరువు నేనే చంపాను కదూ అన్నాడు, నాకు మాత్రమే వినబడేలా.

కోచింగుకి వెళ్లాను. వడ్డీ లెక్కలు నేర్చుకున్నాను, నా కోపానికి కూడా వడ్డీ కట్టుకుంటూ వచ్చాను. మధ్యాహ్నం పూట నాన్నకి కారియరు ఇచ్చి వెళ్లడం మాత్రం నా పనే. ఒకరోజు కొట్టు గుమ్మంలో ఉండగా ముదినేపల్లి వైపు నుంచి ఒక రైతు వచ్చి, మోటారుకి డబ్బా కావాలండీ, మీరు ఎప్పుడూ వేసినట్టే ఇంకొన్ని చుట్లు కొసరెయ్యండి, బాగా ఎత్తాలి అంటున్నాడు. తాతయ్య గల్లా దగ్గర కూర్చుని తల ఊపుతున్నాడు. నాన్న చక్రం తిప్పుతూ తిప్పుతూ ఆపేశాడు. దారం తీసి కట్టేశాడు.

"చాలండీ. దీనికింతే. ఇంతకన్నా వేస్తే మీ మోటారుకి నేను ద్రోహం చేసినట్టు" అన్నాడు.

మా వంశంలో ఒక వస్తువుకి చాలు అన్న మొదటి మనిషిని నేను ఆ గుమ్మంలో నిలబడి చూశాను. తాతయ్య ఊపుతున్న తల ఆగిపోయింది. రైతుకి కోపమొచ్చి పక్క కొట్టుకి వెళ్లిపోయాడు. నాన్న లేచి, బల్ల మీద చుట్టలు చుట్టలుగా పడున్న రాగితీగనంతా ఒక వైపుకి నెట్టి, ఖాళీ అయిన చోట భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. తాతయ్య వైపు చూడకుండానే, ఆ పెట్టె మళ్లీ చెయ్యాలి తల్లీ, ఇక్కడ కూర్చుని చెయ్యి, మీ మావయ్యకి నేను బాకీ ఉన్నాను అన్నాడు. నాకు బల్ల దొరికింది. ఎవరి తీర్పూ లేకుండా దొరికింది. ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద గొడవైంది, అందులో నాన్న మాట్లాడింది ఏమీ లేదు, మర్నాడు పొద్దున్నే నన్ను స్కూటరు ఎక్కించుకుని కొట్టుకి తీసుకెళ్లిపోయాడు, అంతే.

రెండో పెట్టెలో రెసిస్టర్లని పీకడానికి వీల్లేకుండా గట్టిపడే జిగురు పోసేశాను. పిన్ను ముందు ఇంకో చిన్న ముక్క కూడా పెట్టాను, ఎవరైనా పొరపాటున పన్నెండు వోల్టులిచ్చినా ఎక్కువైందాన్ని అది తన మీద వేసుకుని పిన్నుని కాపాడుతుంది. దాన్ని ప్రమాదాల కోసం పెడతారని చదువులో చెప్పారు. నేను మాత్రం మనవాళ్ల ప్రేమ కోసం పెట్టాను. ఈసారి కొబ్బరికాయ కొట్టకముందే చక్రాలు ఆపించాను. సైరను మోగింది, కొంగలన్నీ లేచిపోయాయి. ఆ తర్వాతి పంటలో అది మోగాల్సిన తెల్లవారుజామున మోగింది. పెట్టె బ్రహ్మాండంగా మోగిందే అని మావయ్య ఫోను చేస్తే నాన్న రిసీవరు నాకివ్వకుండా చాలాసేపు తనే వింటూ కూర్చున్నాడు.

ఇప్పుడా చెరువుల పెట్టెలే నా బతుకు. ఇప్పటివి ఫోనుకి కబురు పంపుతాయి, సైరన్లు లేవు. వోల్టేజీ కూడా బాగానే ఉంటోంది, మీటరు అద్దం మీద వేలితో కొట్టేవాళ్లు లేరు. శివారు సిద్ధాంతం పోయిందా అంటే పోలేదు, కరెంటుని వదిలేసి పిల్లల మీద పడింది. నా షెడ్డుకి నేర్చుకోవడానికి కాలేజీ పిల్లలొస్తారు, వెంట తల్లిదండ్రులొస్తారు. ఆరో తరగతి నుంచీ ఐఐటీ పునాది వేయించామండీ, పొద్దున ఒక కోచింగు, సాయంత్రం ఒక కోచింగు, మధ్యలో ఖాళీ ఉంది, మీరు కూడా ఏదైనా వేసెయ్యండి అంటారు. పిల్లని చూసి, నీకేం ఇష్టమమ్మా అంటాను. "ఎస్ మేడమ్" అంటుంది. అన్నం తిన్నావా అంటే ఎస్ మేడమ్. అర్థమైందా, ఎస్ మేడమ్. అలిసిపోయావా, ఎస్ మేడమ్. మొహంలో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎంత చురుకో చూడండి అని తల్లి మురిసిపోతుంది. మావయ్య చెరువు దగ్గర నాన్న మురిసినట్టే. అప్పుడు నాకు భయమేస్తుంది. పెట్టెకైతే జిగురు పోయగలను, వీళ్లకేం పోస్తాను? ఇంటికి పంపించి నిద్రపోనివ్వండి అంటే, ఈవిడకి చెప్పడం రాదేమో అని పక్క సందులో ఇంకొకరి దగ్గరికి తీసుకుపోతున్నారు, ఆ రోజు ముదినేపల్లి రైతు పోయినట్టే.

నిన్న కొట్టు తాళాలు గోడౌనువాళ్లకి ఇచ్చేసి వచ్చాం. నాన్న దారంతా వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. మనసు కుదుటపడుతుందని సేమ్యా పాయసం చేశాను. నాన్నకి షుగరు, అయినా ఒక్క గరిటె పరవాలేదని డాక్టరు అన్నాడు. భోజనాల బల్ల మీద ఆ తుప్పు డబ్బా అలాగే ఉంది. గిన్నెలో గరిటెడు పాయసం పోశాను, నెమ్మదిగా తాగాడు. కొట్టు పోయిన రోజు, మనిషి వాడిపోయి ఉన్నాడు, నాకు మనసొప్పలేదు. ఇంకో గరిటె తీశాను. నాన్న గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలమ్మా."

"ఇంకొక్క గరిటె నాన్నా, ఎంతని" అన్నాను. ఆ గొంతు నాది కాదు, నానమ్మది. గరిటె అప్పటికే ఆ వేళ్ల సందుల మీదికి వంగుతోంది. నాన్న చెయ్యి తియ్యలేదు. నా మొహంలోకి చూశాడు, డబ్బా వైపు చూశాడు.

"నాదీ మూడు వోల్టుల పిన్నేనే తల్లీ" అన్నాడు.

గరిటెలో పాయసం మళ్లీ వండిన తపేలాలోకే ఒంపేశాను. మా ఇంట్లో చాలు అన్న మాటకి గరిటె వెనక్కి పోవడం, నేను పుట్టాక అదే మొదలు.